మేకపోతు దాచిన పాల లెక్క

పారిస్ శివారులోని జూయ్-ఆన్-జోజాస్. 1980ల తొలి ఏళ్లు. ఫ్రాన్స్ వ్యవసాయ పరిశోధన సంస్థ ‘ఇన్రా’ ప్రయోగశాల. ఒక్కో గొట్టంలో ఒక్కో మేక పాలు. వెన్న తీసేసి ఆమ్లం కలిపితే విరిగిపోయి, అడుగున తెల్లటి ముద్ద మిగులుతుంది. అదే కేసీన్. దాన్ని యూరియాలో కరిగించి, జెల్ పలక అంచున గాట్లలో పోసి, కరెంటు పెడతారు.

ఇక కాసుకుని కూర్చోవడమే. కరెంటు లాగుతుంటే మాంసకృత్తులు జెల్‌లో మెల్లగా పాకుతాయి. రంగు పట్టించి కడిగితే గీతలు తేలతాయి.

కేసీన్‌లో ఒక రకమైన ఆల్ఫా ఎస్1 మాంసకృత్తి గీత దగ్గరే చూపు ఆగిపోతుంది. ఒక మేకది కాటుక దిద్దినంత దట్టం. పక్కదానిది వెలిసిన నూలుపోగు. మరొకదానికి ఆ చోట గీతే లేదు!

మేత తేడానా? ఈనిన నెలల తేడానా? పాడి తెలిసినవాళ్లు ముందు అనుమానించేది వాటినే. ఆ ప్రయోగశాలలోని ఫ్రాన్స్వా గ్రోక్లోడ్ బృందం మాత్రం వంశాల వెంట పడింది. చిక్కల్లా అక్కడే ఉంది. పోతు పాలివ్వదు కదా! దాని గుట్టు తెలియాలంటే కూతుళ్లు పుట్టి, ఎదిగి, ఈని, పాలు పిండేదాకా ఆగాలి.

ఆల్ఫా ఎస్1లోని రకాలను గ్రోక్లోడ్, ఆయన సహచరులు బులాంజె, మాయె 1984లో ప్రకటించారు. 1987 నాటికి అసలు లెక్క తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువే గీత మందాన్ని నిర్ణయిస్తోంది. ఏ, బి, సి రకాలైతే ఒక్కో జన్యువుకు లీటరు పాలలో సుమారు 3.6 గ్రాములు. ఇ రకానికి 1.6, ఎఫ్‌కు 0.6. ‘ఓ’ రకానికి సున్నా. అంటే ఒకే దొడ్డిలో ఒకే గడ్డి మేసే రెండు మేకల్లో ఒకదాని పాలలో 7.2 గ్రాములు, రెండోదాని పాలలో 1.2 గ్రాములే ఉండొచ్చు.

చీజ్ చేసేవాళ్లకు ఇది నేరుగా డబ్బు లెక్క. ఈ కేసీన్ ఎక్కువైతే పాలు గట్టిగా తోడుకుంటాయి, చీజ్ ఎక్కువ దిగుతుంది. ఫ్రాన్స్‌లో పాడికి పేరుపడ్డ ఆల్పైన్, సానెన్ జాతులను పరీక్షిస్తే, రెండింటిలోనూ ఇ, ఎఫ్‌లదే పైచేయి! తర్వాత డిఎన్ఏ పరీక్ష వచ్చింది. కూతుళ్ల పాల కోసం ఆగే పని తప్పింది. పోతునే పరీక్షించి, ‘ఏ’ రకం ఉన్నవాటిని జతకట్టించడానికి ఎంచుకోసాగారు.

ఇంతా చేస్తే, ‘ఏ’ రకం పాల చీజ్‌లో మేక వాసన తగ్గింది. ఆ ఘాటు కోసమే కొనేవాళ్లకు అది నష్టమే అంటాను నేను.

మన దేశంలో మథుర దగ్గర మఖ్దూమ్‌లో కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఉంది. అక్కడ జమునాపారి, బార్బరి వంటి మన జాతుల్లో ఇదే జన్యువును పరిశీలిస్తే ఎక్కువగా కనిపించినవి ఏ, బి రకాలే.