కుంగుబాటుకు కొలెస్ట్రాల్ మందు: ఎలుకల సాక్ష్యం

1987లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నాలుగు నెలల వ్యవధిలో రెండు కొత్త మందులకు అనుమతి ఇచ్చింది. ఒకటి లోవాస్టాటిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో బజారులోకి వచ్చిన మొదటిది. రెండోది ఫ్లూయాక్సెటిన్, ప్రోజాక్ పేరుతో ప్రపంచమంతా పాకిన కుంగుబాటు మందు. ఈ రెండూ కలిపి ఎలుకలకు ఇచ్చిన ఫలితాలు వెలువడేసరికి ఇరవై ఏళ్లు దాటింది. అంత ఆలస్యానికి ఒక భయం కూడా కారణమని నా అభిప్రాయం.

స్టాటిన్లకు ఎలుకతో తగువు పుట్టుకనుంచీ ఉంది. టోక్యోలోని సాంక్యో కంపెనీలో అకిరా ఎండో 1971లో బూజుల వేట మొదలుపెట్టారు. ఆరు వేలకు పైగా రకాలు వడపోశాక, 1973లో బియ్యం మీద పెరిగిన ఒక బూజులో కాంపాక్టిన్ దొరికింది. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైమును అది అడ్డుకుంటుంది. తీరా ఎలుకలకు పెడితే రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గలేదు. మందు అడ్డుకున్నకొద్దీ ఎలుక కాలేయం ఆ ఎంజైమును ఇంకా ఎక్కువగా తయారుచేసుకుంటుంది మరి. పైగా ఎలుక రక్తంలో ఉండేది చాలావరకు మనం మంచి కొలెస్ట్రాల్ అనే రకమే. కంపెనీ వదిలేయబోయిన ఆ మందును 1976లో గుడ్లు పెట్టే కోళ్లు నిలబెట్టాయి. కోళ్లలో కొలెస్ట్రాల్ బాగా పడిపోయింది. ఎలుకల్లో మాత్రం తగ్గలేదన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇక భయం విషయం. కొలెస్ట్రాల్ తగ్గించే చికిత్సల పరీక్షలను కలిపి చూసిన మల్డూన్ బృందం, గుండె మరణాలు తగ్గినా ఆత్మహత్యలు, ప్రమాదాలు, హింస వల్ల మరణాలు పెరిగాయని 1990లో ప్రకటించింది. మెదడు కణాల పొరల్లో కొలెస్ట్రాల్ తగ్గితే మనఃస్థితిని ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనం పని దెబ్బతింటుందేమోనని 1992లో ఎంగెల్‌బర్గ్ వాదించారు. జే కాప్లాన్ ప్రయోగాల్లో, కొలెస్ట్రాల్ తక్కువున్న ఆహారం తిన్న కోతులు ఎక్కువగా కొట్లాడాయి. చివరికి 1994లో, 4,444 మందితో జరిగిన సిమ్వాస్టాటిన్ పరీక్షలో అలాంటి మరణాలు పెరగలేదని తేలాక ఆందోళన చల్లబడింది.

కానీ ప్రశ్న చావలేదు. దాన్ని కణాల స్థాయిలో ఓపిగ్గా తవ్వినవాళ్లలో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన అమితాభ ఛటోపాధ్యాయ్ బృందం ఉంది. పశువుల మెదడు నుంచి తీసిన పొరల్లో కొలెస్ట్రాల్ తగ్గిస్తే సెరటోనిన్-1ఏ గ్రాహకం పట్టు సడలుతుందని 2004లో చూపారు. 2010లో స్టాటిన్‌తోనే కణాల్లో కొలెస్ట్రాల్ తగ్గించి అదే గ్రాహకం పని మందగించడం గమనించారు. వాళ్లు వాడిన మెవాస్టాటిన్ మరేదో కాదు, ఎండోగారి కాంపాక్టినే.

ఈ లెక్కన స్టాటిన్ కుంగుబాటును పెంచాలి. ఎలుకలు మాత్రం ఎదురు సాక్ష్యం చెప్పాయి.

ఆ సాక్ష్యం ఎలా తీసుకుంటారో కాస్త దగ్గరగా చూడాలి. 1977లో పోర్సోల్ట్ రూపొందించిన పద్ధతి ఇది. గాజు గొట్టంలో 25 డిగ్రీల నీళ్లు పోసి ఎలుకను వదులుతారు. మొదటి రోజు 15 నిమిషాలు. అది గోడలు గీరుతుంది, ఈదుతుంది, చివరికి ముక్కు మాత్రం పైకి పెట్టి కదలకుండా తేలుతుంది. మర్నాడు మళ్లీ 5 నిమిషాలు వదిలి, ఎంతసేపు కదలకుండా ఉందో లెక్కిస్తారు. కుంగుబాటు మందు ఇస్తే ఆ సమయం తగ్గుతుంది. ఆ నిశ్చలత నిరాశో, శక్తి మిగుల్చుకునే తెలివో ఎలుకే చెప్పాలి.

ఇలాంటి పరీక్షలోనే, లోవాస్టాటిన్ తోడైతే ఫ్లూయాక్సెటిన్ బలం పెరుగుతుందని అమెరికాలోని మెక్లీన్ ఆస్పత్రి బృందం 2009లో చెప్పింది. 2013లో బ్రెజిల్ పరిశోధకులు అటోర్వాస్టాటిన్ ఒక్క మోతాదుతోనే చిట్టెలుకల్లో అలాంటి మార్పు చూశారు. నైట్రిక్ ఆక్సైడ్ మార్గం, నాడీకణాలను పోషించే బీడీఎన్ఎఫ్ ప్రొటీను ఇందుకు కారణమన్నారు. వాపు తగ్గించే గుణం వల్ల కావచ్చని మరికొందరన్నారు. ఒక్క మోతాదుతో రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గడం ఎలుక జాతిలో ఊహించలేం. కాబట్టి ఎలుకల్లో కనిపించిన మేలు కొలెస్ట్రాల్ తగ్గడం వల్ల వచ్చింది కాదనే నేను నమ్ముతున్నాను. ఆ మేలు మనుషుల్లోనూ కనిపిస్తుందనడానికి హామీ అక్కడే సన్నగిల్లింది.

అయినా మొదట్లో ఆశ నిలిచింది. ఇరాన్‌లో కొద్దిమంది రోగులతో చేసిన పరీక్షల్లో స్టాటిన్ తోడైనవారు మెరుగయ్యారు. 2016లో డెన్మార్క్ ఆరోగ్య రికార్డులు చూస్తే, కుంగుబాటు మందుతోపాటు స్టాటిన్ వాడేవారు మానసిక ఆస్పత్రులకు తక్కువగా వెళ్లారని తేలింది. గట్టి పరీక్షలు ఆ తర్వాత వచ్చాయి. పాకిస్థాన్‌లో మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 150 మందికి 12 వారాలు సిమ్వాస్టాటిన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే తేడా లేదు. ఆ ఫలితం 2023లో వచ్చింది. 2025లో జర్మనీ పరిశోధకులు ఊబకాయం, కుంగుబాటు రెండూ ఉన్నవారికి కుంగుబాటు మందు ఎస్కిటాలోప్రామ్‌తో కలిపి సిమ్వాస్టాటిన్ ఇచ్చారు. చెడు కొలెస్ట్రాల్ తగ్గింది, కుంగుబాటులో అదనపు మేలు కనిపించలేదు.

గుండె కోసం డాక్టర్ రాసిన స్టాటిన్‌ను మనసు పాడవుతుందన్న పాత భయంతో మానకండి. కుంగుబాటు తగ్గుతుందన్న ఆశతో సొంతంగా మొదలుపెట్టకండి.