చైనా కాగితపు కత్తిరింపు కళ: మసిలో మిగిలిన నమూనా

1959లో తుర్ఫాన్ సమీపాన అస్తానా సమాధులలో క్రీ.శ. 6వ శతాబ్దపు కాగితపు కత్తిరింపులు లభించాయి. జంట గుర్రాలు, జంట కోతులు వలయాకారంలో అమరిన రూపాలవి. వాటిని కాపాడింది ఎడారి పొడి వాతావరణం. కేవలం ఇటువంటి అవశేషాలపై ఆధారపడి ఈ కళాచరిత్రను నిర్మించడం అసమగ్రమే. ఉత్తర షాన్షీ పల్లెల స్త్రీలు నూతన సంవత్సరానికి అంటించే ‘కిటికీ పూలు’ త్వరలోనే వెలిసిపోయేవి. అయితే పాత కత్తిరింపును తెల్లకాగితంపై తడిపి అంటించి, నూనెదీపపు పొగ పట్టించి తొలగిస్తే, మసి నడుమ తెల్లని రూపం మిగిలేది. దాని వెంట కత్తెర మళ్లీ నడిచేది. వస్తువు నశించినా నమూనా తరాలు దాటింది ఈ విధంగానే. 1940లలో యెనాన్ చిత్రకారులు ఈ పూలను సేకరించి, ఆ శైలిలోనే శ్రమజీవనాన్ని చిత్రించారు. గు యువాన్ వంటివారి పేర్లు చరిత్రకెక్కాయి. కత్తెర పట్టిన స్త్రీలలో అధికులు అనామకులుగానే ఉండిపోయారు. 2009లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరినది ప్రధానంగా వారి చేతిపనియే.