ఇరువది యొకటవ అధికరణము: దాని తొలి యర్థము

హుస్సేనుసాగరపు కట్టకు ఒక కొనయందు హైదరాబాదు, రెండవ కొనయందు సికింద్రాబాదు. నడుమ దూరము స్వల్పము. అయినను 1945వ సంవత్సరము వఱకు ఆ కట్టపై నడచిపోవు మనుష్యుడు ఒక చట్టమును విడిచి వేఱొక చట్టములోనికి ప్రవేశించుచుండెడివాడు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదు పేరునకు నిజాము నేలయే. ఏలుబడి మాత్రము బ్రిటిషు రెసిడెంటుది. హైదరాబాదున ఫర్మానా చెల్లును. సికింద్రాబాదున దొరల చట్టము చెల్లును. 1945 డిసెంబరులో కంటోన్మెంటు తప్ప తక్కిన పట్టణము తిరిగి నిజాము ప్రభుత్వమునకు అప్పగింపబడెను. పాలకులు మాఱిరి, పత్రములు మాఱినవి. ఈ మార్పునకు ముందుగాని తరువాతగాని ఆ నేలపై బ్రదుకు ప్రజల సమ్మతి నెవ్వరును అడుగలేదు.

ఆనాటి ప్రజల స్థితిని తెలిసికొనుటకు గ్రంథాలయముల చరిత్ర చాలును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము స్థాపింపబడినవి. తెలుగు పుస్తకము చదువుకొనుటకు నలుగురు ఒకచోట కూడుటయే ఆ కాలమున పెద్ద కార్యము. నిజాము రాజ్యమున సభ జరుపవలెనన్న ముందుగా అధికారుల అనుమతి పొందవలెను. "గస్తీ నిషాన్ 53" అను ఉత్తరువు పేరు వినని ఆంధ్ర మహాసభ కార్యకర్త ఉండెడివాడు కాడు. 1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు పూర్తిగా రూపు దాల్చకమునుపే నిషేధమునకు గురియయ్యెను. అనుమతిపై లభించు స్వేచ్ఛ వరమే గాని హక్కు కాదు. ఇచ్చినవాడు ఎప్పుడైనను దానిని తిరిగి తీసికొనగలడు.

ఈ స్థితి 1950 జనవరి 26వ తేదీతో మాఱెను. 1949 నవంబరులో నిజాము ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగము హైదరాబాదు రాష్ట్రమునకు గూడ అంగీకరింపబడెను. కట్టకు ఈ కొననున్నవానికిని ఆ కొననున్నవానికిని ఒకే రాజ్యాంగము, ఒకే ప్రాథమిక హక్కుల పట్టిక ఏర్పడెను. ఆ పట్టికలో 21వ అధికరణము మిక్కిలి చిన్నది. చట్టము నిర్ణయించిన విధానము ననుసరించి తప్ప ఏ మనుష్యుని ప్రాణమునుగాని వ్యక్తి స్వాతంత్ర్యమునుగాని హరింపరాదని దాని భావము. ఒక్క వాక్యము. కాని ఆ వాక్యములోని "చట్టము నిర్ణయించిన విధానము" అను మాట చుట్టును డెబ్బది సంవత్సరములకు పైగా వివాదము నడచినది.

ఆ మాట తొలుత ముసాయిదాలో లేదు. 1947నాటి చిత్తులో అమెరికా రాజ్యాంగమునుండి గ్రహించిన "డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా" అను మాట యుండెను. న్యాయసమ్మతమైన విధానము అని దానికి అర్థము చెప్పవచ్చును. చట్టసభ చట్టము చేసినంత మాత్రమున చాలదు. ఆ చట్టము న్యాయమైనదో కాదో న్యాయస్థానము విచారింపవచ్చునని ఆ మాటవలన వచ్చు ఫలితము. రాజ్యాంగ సలహాదారు బెనెగల్ నరసింగరావు 1947 చివర అమెరికాకు వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరుతో ఈ విషయము చర్చించెను. ఆ మాటను విడుచుటయే మేలని ఫ్రాంక్‌ఫర్టరు సలహా. ఏల యనగా, అమెరికాలో ఆ మాట ఆధారముగనే పేదల మేలుకొఱకు చేసిన చట్టములు కొన్ని కొట్టివేయబడెను. రొట్టెల బట్టీలలో పనిచేయువారిచేత దినమునకు పది గంటలకు మించి పని చేయింపరాదను న్యూయార్కు రాష్ట్రపు చట్టమును అక్కడి సుప్రీంకోర్టు 1905లో చెల్లదనెను. అంతట ముసాయిదా సంఘము ఆ మాటను తొలగించి, జపాను దేశపు 1946నాటి రాజ్యాంగము ననుసరించి "చట్టము నిర్ణయించిన విధానము" అని వ్రాసెను. "స్వాతంత్ర్యము" అను మాటకు ముందు "వ్యక్తి" అను మాటను గూడ చేర్చెను.

ఈ మార్పును గట్టిగా సమర్థించినవారిలో ముఖ్యుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. ఆయన 1883లో నెల్లూరు జిల్లా పుదూరు గ్రామమున జన్మించెను. 1929 మొదలు 1944 వఱకు మద్రాసు రాష్ట్రమునకు అడ్వొకేటు జనరలుగా నుండెను. ప్రజలెన్నుకొన్న చట్టసభ చేయు సంస్కరణలకు కొలదిమంది న్యాయమూర్తుల అభిప్రాయము అడ్డు తగులరాదని ఆయన తలంపు. జమీందారీలు రద్దు కావలసియున్న కాలమున ఆ తలంపు నిరాధారమైనది కాదు. మఱియొక పక్షమువారు, వారిలో కె.ఎం. మున్షీ ఒకరు, పాత మాటయే యుండవలెననిరి. చట్టసభలో నేడున్న అధికపక్షము రేపు దారి తప్పినచో మనుష్యునికి దిక్కెవరని వారి ప్రశ్న.

1948 డిసెంబరు 6, 13 తేదీలలో రాజ్యాంగ సభ దీనిని చర్చించెను. ముసాయిదా సంఘాధ్యక్షుడు డాక్టరు అంబేద్కరు ఏ పక్షమును పూనలేదు. చట్టసభకు పూర్తి నమ్మిక నిచ్చుటయందును ప్రమాదము గలదు. అయిదారుగురు న్యాయమూర్తులకు సర్వము అప్పగించుటయందును ప్రమాదము గలదు అని రెండు వైపులును చూపి, నిర్ణయము సభకు విడిచెను. సభ కొత్త మాటనే అంగీకరించెను. అయినను ఆ నిర్ణయముపట్ల అసంతృప్తి చల్లారలేదు. 1949 సెప్టెంబరులో అంబేద్కరే మఱియొక అధికరణమును తెచ్చెను. అదియే నేటి 22వ అధికరణము. అరెస్టు చేసినవానికి కారణము తెలుపవలెను, న్యాయవాదిని సంప్రదింపనీయవలెను, 24 గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. విచారణ లేక నిర్బంధించుటకు గూడ ఆ అధికరణము చోటిచ్చెను. కాని మూడు నెలలకు మించినచో సలహా సంఘము పరిశీలింపవలెనను కట్టడి విధించెను. తొలగించినదానికి కొంత పరిహారము చేయుచున్నట్లు అంబేద్కరే సభలో ఒప్పుకొనెను.

రాజ్యాంగము అమలునకు వచ్చి నెల తిరుగకముందే 1950 ఫిబ్రవరిలో పార్లమెంటు నివారక నిర్బంధ చట్టమును చేసెను. 1947 డిసెంబరునుండి నిర్బంధములో నున్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ఆ చట్టము క్రింద మద్రాసు రాష్ట్రపు జైలులో నుండి సుప్రీంకోర్టు నాశ్రయించెను. 1950 మే 19న తీర్పు వెలువడెను. చట్టసభ చేసినదే చట్టము, అది చెప్పినదే విధానము అని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. రాజ్యాంగ సభ పాత మాటను బుద్ధిపూర్వకముగ తొలగించినదికదా యని వారు ఎత్తి చూపిరి. నిర్బంధ కారణములను కోర్టుకైనను తెలుపరాదన్న ఒక్క సెక్షనును మాత్రము కొట్టివేసిరి. న్యాయమూర్తి ఫజల్ అలీ వేఱు తీర్పు వ్రాసెను. విధానమనగా ముందుగా తెలియజేయుట, వినుట, నిష్పక్షపాతియైన వాని యెదుట విచారణ యని ఆయన మతము.

ఆ సంవత్సరమే తెలంగాణమునకు సంబంధించిన మఱియొక వ్యాజ్యము అదే కోర్టు నెక్కెను. పోలీసు చర్య తరువాత సైనిక గవర్నరు నెలకొల్పిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ రైతు పోరాటమునకు సంబంధించిన కేసులలో పండ్రెండుగురికి 1949లో మరణశిక్ష విధించెను. హైదరాబాదు హైకోర్టు 1949 డిసెంబరులో శిక్షలను ఖాయపఱచెను. జనవరి 26కు ఇంక కొన్ని వారములే మిగిలియుండెను. తమకు న్యాయవాదిని పెట్టుకొనుటకు తగిన అవకాశ మీయలేదనియు, విచారణ న్యాయముగ సాగలేదనియు ముద్దాయిల మొఱ. వారి పక్షమున ఇంగ్లండునుండి డి.ఎన్. ప్రిట్ అను ప్రసిద్ధ న్యాయవాది వచ్చెను. జనార్దనరెడ్డి మున్నగువారి కేసుగ గ్రంథములకెక్కిన ఈ వ్యాజ్యమున, రాజ్యాంగము వెనుకటి తీర్పులకు వర్తింపదు గనుక అప్పీలు చెల్లదని 1950 డిసెంబరులోను, హెబియస్ కార్పస్ చెల్లదని 1951 మార్చిలోను సుప్రీంకోర్టు చెప్పెను. హైకోర్టు తీర్పు రెండు నెలలు ఆలస్యమై యున్నచో పండ్రెండుగురికి సుప్రీంకోర్టు తలుపు తెఱచియుండెడిది. తుదకు వారిని ఉరి తీయలేదు. మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగ మాఱినవి. కాని వారిని కాపాడినది హక్కు కాదు. దేశ విదేశముల ఆందోళన, ప్రభుత్వపు దయ. ఫర్మానాల కాలమున ప్రాణము దేనిపై ఆధారపడెడిదో అప్పుడును దానిపైననే ఆధారపడెను.

ఇక రాజ్యాంగపు తొలి యర్థమేది? ముసాయిదా సంఘము వ్రాసిన మాటను మాత్రమే పట్టుకొన్నచో గోపాలన్ తీర్పు సరియైనదే. కాని ఆ మాటను వ్రాసినవారు దానిని దేనికొఱకు వ్రాసిరి? భూస్వామికి రక్షణగ నుండరాదని వ్రాసిరి. పోలీసు అధికారికి ఆయుధముగ నుండవలెనని కాదు. మాటను ఇఱుకు చేసిన సభయే ఆ ఇఱుకుదనమునకు వెఱచి పదునెలలలోపల 22వ అధికరణమును చేర్చెను. కావున తొలి యర్థమనగా మాట యొక్కటే కాదు, ఆ మాటవెంట నున్న భయమును గూడ లెక్కింపవలెను. ఆ భయము అనుమతిపై బ్రదికిన ప్రజల అనుభవమునుండి పుట్టినది.

ఈ విశాల దృష్టితో తీర్పులు వ్రాసినవారిలో మఱియొక తెలుగువాడు అగ్రగణ్యుడు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావు ఆయన. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగను వాని యింటికి పోలీసులు రాత్రివేళ వచ్చి తలుపు తట్టి చూచిపోవుచుండిరి. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను మాత్రము నిషేధించి, తక్కిన నిఘా తప్పు కాదనెను. సుబ్బారావు అంగీకరింపలేదు. వెన్నంటి చూచుచున్న కన్నుల నడుమ తిరుగువాడు సంకెల లేకున్నను స్వతంత్రుడు కాడని ఆయన వ్రాసిన భిన్నమైన తీర్పు సారాంశము.

1976 ఏప్రిలులో, అత్యవసర పరిస్థితి నడుచుచుండగా, అన్యాయముగ నిర్బంధింపబడినవాడు కోర్టుకు మొఱపెట్టుకొను హక్కు గూడ లేదని నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడు కాదనెను. 1948లో వేసిన ప్రశ్నకు, అధికపక్షము దారి తప్పినచో దిక్కెవరను ప్రశ్నకు, దేశము అప్పుడు కన్నులార సమాధానము చూచెను. 1978 జనవరిలో మేనకా గాంధీ కేసున విధానము న్యాయమైనదిగ, సమంజసమైనదిగ నుండితీరవలెనని సుప్రీంకోర్టు నిర్ణయించెను. అదే సంవత్సరమున 44వ సవరణ, ఏ అత్యవసర పరిస్థితియందును 21వ అధికరణమును నిలిపివేయరాదని కట్టడి చేసెను. 2017 ఆగష్టు 24న పుట్టస్వామి కేసున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ ఆంతరంగిక జీవనము ప్రాథమిక హక్కని చెప్పి, 1976 తీర్పును త్రోసిపుచ్చి, ఖరక్ సింగు కేసులో సుబ్బారావు పక్షమే నిజమనిరి. ఒక్కని మాట దేశపు మాట యగుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టెను.

అంతమాత్రమున పని ముగిసినదనుకొనరాదు. 1974లో సికింద్రాబాదు కుట్ర కేసు పేర పలువురు విప్లవ కవులు, రచయితలు అభియోగమునకు గురియైరి. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ వారి పక్షమున వాదించెను. 1989లో గాని ఆ కేసు కొట్టివేయబడలేదు. వారి అభిప్రాయములతో ఏకీభవించువారుందురు, ఏకీభవింపనివారుందురు. కాని పదునైదేండ్ల తరువాత నిర్దోషివని చెప్పుటకు పట్టిన ఆ కాలమును ఎవరు తిరిగి యిత్తురు? విధానము న్యాయమైనదైనను నడక మందగించినచో అదియే శిక్ష యగును.

ఒక గ్రామ గ్రంథాలయమునకు ఈ చరిత్రతో ఏమి పని యని అడుగవచ్చును. కారణము చెప్పక పట్టుకొనిపోయిన వేళ, 24 గంటలు దాటినను మేజిస్ట్రేటు నెదుట నిలుపని వేళ, ఇది తప్పని చెప్పుటకు ఊరిలో ఒక్కరికైనను 22వ అధికరణము తెలిసియుండవలెను. గోపాలన్, ఖరక్ సింగు, ఆ పండ్రెండుగురు కోర్టుకు వెళ్లి అడిగినవారు. కొందఱు ఓడిరి, కాని వారడుగుటచేతనే తరువాతివారు గెలిచిరి. అడుగవలెనన్న ముందు తెలియవలెను. సభకు అనుమతి వేడిన దినములలో గ్రంథాలయములు నెలకొల్పిన పెద్దలు ఈ సంగతి గ్రహించిరి. నేడు గ్రంథాలయపు బీరువాలో రామాయణ భారతముల ప్రక్కన తెలుగులో ముద్రింపబడిన రాజ్యాంగ ప్రతి యొకటి యుండుటయు, దానిని అప్పుడప్పుడు ఎవరైనను తీసికొనిపోయి చదువుటయు వారి కృషికి తగిన ఫలము.