ఆరుబయటి చదువు - దాని ఫలమును కొలుచుట

కోటవురట్లనుండి నర్సీపట్నమునకు పోవువారికి తూర్పుకనుమలు అంతకంతకు దగ్గరగుచుండును. ఈ ప్రాంతపు పిల్లలు కొండలను చూచుచునే పెరుగుదురు. కాని కొండ యెక్కుటయు, గుడారము వేసికొని ఆరుబయట వండుకొనుటయు చదువులోని భాగములేయని ఒప్పుకొను తలిదండ్రులు అరుదు. ఆడపిల్లల మాట చెప్పనక్కరలేదు. “దానివలన ఫలమేమి?” అని వారడుగుదురు. ఆ ప్రశ్నను తోసివేయుట న్యాయముగాదని మా యభిప్రాయము.

ఈ విద్యయే అట్టి ప్రశ్నతో పుట్టినది. 1907లో బేడెన్ పవెల్, బాలురకు ఇట్టి శిక్షణ పనికివచ్చునా యని పరీక్షించుటకే బ్రౌన్‌సీ ద్వీపమున విడిది నడపెను. సంపన్నుల బిడ్డలును శ్రామికుల బిడ్డలును అందు కలిసి మెలగిరి. 1941లో కుర్ట్ హాన్, ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ సాయమున, వేల్సులోని అబర్‌డోవీయందు ఔట్‌వర్డ్ బౌండ్ పాఠశాలను స్థాపించెను. యుద్ధమున ఓడలు మునిగినపుడు పడుచువారికంటె అనుభవజ్ఞులైన పెద్ద నావికులే ఎక్కువగా బ్రతికి బయటపడుచున్నారని హోల్ట్ తలచెను. పడుచువారికి కొఱవడినది ఆత్మవిశ్వాసమే యని ఆయన నమ్మకము.

ఆ నమ్మకమునకు శాస్త్రీయమైన పరీక్ష చాలకాలమునకు జరిగినది. 1997లో జాన్ హాటీయు సహచరులును ఇట్టి శిక్షణలపై వెలువడిన 96 పరిశోధనలను కలిపి పరిశీలించిరి. సాధారణముగా శిక్షణ ముగిసినపిమ్మట లాభము తగ్గుచుండును. ఇచ్చట అది మఱికొంత పెరిగెను. అయితే శిక్షణకును శిక్షణకును ఫలమున మిక్కిలి భేదముండెను. కనుక పేరు చూచి దేనిని మెచ్చుకొనరాదు.

మన తెలుగునాట 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణయు ఆనందకుమారును ఎవరెస్టు నధిరోహించిరి. పూర్ణకు నాటికి 14 ఏండ్లు నిండలేదు. భువనగిరి బండపై మొదలైన శిక్షణ వారినంత దూరము కొనిపోయినది. అది ప్రభుత్వ సంస్థ చేసిన పనియైనను, ధర్మసంఘములకు అందొక పాఠము కలదు. శిఖరము చేరినవారిని లెక్కించుట సులభము. వారితో శిక్షణ పొంది శిఖరమునకు పోని పిల్లల సంగతి యేమి? వారు చదువు సాగించిరా? వారి చెల్లెండ్రను పంపుటకు ఇంటివారు జంకుట మానిరా?

దాతలు సంఘములను “ఎందరిని కొండకు తీసికొనిపోతిరి?” అని అడిగి తృప్తిపడుచున్నారు. పోయినవారిని పోనివారితో పోల్చి, రెండు మూడేండ్లకు మరల విచారించిన గాని నిజము తేలదు. ఆ విచారణకు కొంత ధనము ప్రత్యేకించుటయు దానములోని భాగమే. అట్టి లెక్క చూపగలనాడు కోటవురట్ల తల్లి యడిగిన ప్రశ్నకు సమాధానము దొరకును. ఆమె తన కూతురిని కొండకు పంపుటకు సాహసించును.