పది వేల బస్సుల మాట ఏమైంది? ఢిల్లీ గాలి చరిత్రలో మనం దాటేసే పంక్తి

కొన్ని నెలల కిందట ఒక మాక్ టెస్టులో "ఢిల్లీ వాయు కాలుష్య నియంత్రణలో న్యాయస్థానాల పాత్రను చర్చించండి" అని 15 మార్కుల ప్రశ్న వచ్చింది. మీలో చాలామంది రాసే జవాబే నేనూ రాశాను. ఎం.సి. మెహతా కేసు, 21వ అధికరణ, సీఎన్‌జీ బస్సులు, కాలుష్యం తగ్గుదల, చివర్లో "ముందుకు దారి" అని నాలుగు పాయింట్లు. పేపర్ దిద్దినాయన మార్జిన్‌లో ఒకే ఒక్క ప్రశ్న రాసి వదిలేశారు: "బస్సులన్నీ శుభ్రమైతే, గాలి మళ్లీ ఎందుకు పాడైంది?"

నా దగ్గర జవాబు లేదు. పంట వ్యర్థాల దహనం అని రాసేయొచ్చు. కానీ అది ప్రధానంగా అక్టోబరు, నవంబరు నెలల కథ. మిగతా నెలల సంగతి? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే, అసలు విషయం 1998 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వులోనే కనిపించింది. అందులో మొదటి అంశం సీఎన్‌జీ కాదు. బస్సుల సంఖ్య.

నేపథ్యం: 1985 నుంచి 1998 దాకా

న్యాయవాది ఎం.సి. మెహతా ఢిల్లీ గాలి గురించి 1985లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. వాహనాల పొగ మీద సలహాలివ్వడానికి 1991లో జస్టిస్ కె.ఎన్. సైకియా అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్, వాటికోసం సీసం లేని పెట్రోలు వచ్చాయి.

ఇదే కాలంలో రోడ్డు మీద ఇంకో మార్పు జరిగింది. పెరుగుతున్న నగరానికి డీటీసీ బస్సులు చాలకపోవడంతో 1992లో ప్రైవేటు బస్సులకు దారి తెరిచారు. అవే రెడ్‌లైన్ బస్సులు. ఒక్కో బస్సు ఒక్కో యజమానిది. ఎక్కువ ట్రిప్పులు, ఎక్కువ టికెట్లు, ఇదే లెక్క. స్టాపు దగ్గర ప్రయాణికుల కోసం పోటీలు పడి ప్రమాదాలు చేసేవి. చెడ్డపేరు మూటగట్టుకున్నాక రంగూ పేరూ మార్చుకుని బ్లూలైన్ అయ్యాయి, తీరు మాత్రం మారలేదు. నగరానికి కావాల్సింది ఒక బస్సు వ్యవస్థ. దొరికింది వేల మంది విడివిడి యజమానుల గుంపు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1998 జనవరిలో పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 కింద ఈపీసీఏ ఏర్పడింది. భూరే లాల్ దాని అధ్యక్షుడు. ఆ సంస్థ సిఫార్సుల ఆధారంగా సుప్రీంకోర్టు 1998 జూలై 28న గడువులతో సహా ఉత్తర్వు ఇచ్చింది.

ఉత్తర్వులో ఏముంది?

ప్రధానాంశాలు ఇవి:

1. 2001 ఏప్రిల్ 1 నాటికి ప్రజా రవాణా బస్సులను 10,000కు పెంచాలి.
2. 1998 సెప్టెంబరు 1 నాటికి ఢిల్లీలో సీసం కలిపిన పెట్రోలు పూర్తిగా ఆపాలి.
3. 1990కి ముందు నాటి ఆటోలు, ట్యాక్సీల స్థానంలో శుభ్రమైన ఇంధనంతో నడిచే కొత్త వాహనాలు రావాలి.
4. 2001 మార్చి 31 నాటికి నగర బస్సులన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, సీఎన్‌జీకి మారాలి.
5. సీఎన్‌జీ నింపే కేంద్రాలను 9 నుంచి 80కి పెంచాలి.
6. అంతర్రాష్ట్ర బస్సులు నగరం మధ్యలోకి రాకుండా ప్రవేశ మార్గాల దగ్గరే కొత్త బస్ టెర్మినళ్లు కట్టాలి.

ఇది ఇంధనం గురించిన ఉత్తర్వు మాత్రమే కాదని మీకే అర్థమవుతోంది. 2, 3, 4, 5 అంశాలు ఇంజిన్‌కూ ఇంధనానికీ సంబంధించినవి. 1, 6 అంశాలు ప్రయాణం ఎలా సాగాలి, రోడ్డును ఎలా వాడాలి అన్నవాటికి సంబంధించినవి. మన నోట్సులో మొదటి రకమే మిగిలింది. ఆచరణలో కూడా చాలావరకు అంతే.

2001-02: గడువు మీద పోరాటం

గడువు వచ్చేసరికి సీఎన్‌జీ బస్సులు చాలినన్ని లేవు. 2001 ఏప్రిల్ మొదటి రోజుల్లో చాలా బస్సులు రోడ్డెక్కలేదు. ఆఫీసులకు, పరీక్షలకు వెళ్లాల్సిన జనం స్టాపుల్లో గంటల తరబడి నిలబడ్డారు. కొన్నిచోట్ల కోపం బస్సుల మీదకు మళ్లింది. గ్యాస్ బంకుల ముందు ఆటోలు, బస్సులు రాత్రింబవళ్లు బారులు తీరాయి. ఆటో డ్రైవరుకు క్యూలో గడిచిన పూట అంటే సంపాదన లేని పూట. గాలి శుభ్రం కావడానికి మొదటి మూల్యం చెల్లించింది వీళ్లే. జవాబులో ఈ సామాజిక న్యాయ కోణాన్ని తప్పక రాయండి.

గడువు పొడిగించాలని ప్రభుత్వాలు పదేపదే అడిగాయి. తక్కువ గంధకం ఉన్న డీజిల్ చాలన్న వాదన కూడా వచ్చింది. 2001 సెప్టెంబరులో మాషెల్కర్ కమిటీ ఏర్పడింది. ఏ ఇంధనం వాడాలో ప్రభుత్వం నిర్దేశించకూడదు, ఎంత పొగ రావచ్చో ప్రమాణం పెడితే చాలు అన్నది దాని వైఖరి. కోర్టు వెనక్కి తగ్గలేదు. 2002 ఏప్రిల్ 5 నాటి తీర్పులో, ఇంకా డీజిల్‌తో నడుస్తున్న బస్సులకు రోజుకు రూ. 500 చొప్పున, నెల దాటితే రూ. 1,000 చొప్పున జరిమానా వేసింది. ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యకారుడే చెల్లించాలన్న సూత్రం రెండూ ఈ తీర్పులో ఉన్నాయి. 2002 డిసెంబరు కల్లా నగర బస్సుల్లో డీజిల్ పోయింది. ఇంత పెద్ద బస్సు సముదాయాన్ని అంత తక్కువ కాలంలో మార్చడం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది.

ఆ విజయం నిజమైనదే. బస్సు వెనక నల్లటి పొగ మాయమైంది. కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ స్థాయిలు తగ్గాయి.

మరి మళ్లీ ఎందుకు పెరిగింది?

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది చిన్న గుణకారం. మొత్తం పొగ = వాహనాల సంఖ్య × ఒక్కొక్కటి తిరిగే దూరం × కిలోమీటరుకు వదిలే పొగ. సీఎన్‌జీ, యూరో ప్రమాణాలు, తక్కువ గంధకం ఉన్న డీజిల్, ఇవన్నీ తగ్గించేది మూడో అంకెను. మొదటి రెండింటినీ తగ్గించేది ప్రజా రవాణా, రోడ్డు ప్రణాళిక. ఒక అంకెను సగం చేసి మరొకదాన్ని మూడింతలు కానిస్తే లబ్ధం ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఢిల్లీలో జరిగింది ఇదే. 2000 ప్రాంతంలో 30 లక్షల పైచిలుకు ఉన్న రిజిస్టర్డ్ వాహనాలు 2018 నాటికి కోటి దాటాయి. బస్సులు మాత్రం ఆ 10,000ను అందుకోలేదు. ప్రమాదాల కారణంగా బ్లూలైన్ బస్సులను 2007 తర్వాత దశలవారీగా తీసేశారు. అది అవసరమే, కానీ ఖాళీ అయిన చోటు పూర్తిగా నిండలేదు. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కొన్న లోఫ్లోర్ బస్సుల తర్వాత దాదాపు దశాబ్దం పాటు డీటీసీకి కొత్త బస్సులు రాలేదు. 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. అయినా ఆ తర్వాతి రెండేళ్లలో డీటీసీ, క్లస్టర్ బస్సులు రెండూ కలిపి ఏడు వేల పైచిలుకే.

అరగంటయినా బస్సు రాకపోతే మనిషి ఏం చేస్తాడు? అప్పో సప్పో చేసి బండి కొంటాడు. ఒకసారి బండి కొన్నాక మళ్లీ బస్సు స్టాపుకు రాడు.

మెట్రో ఉంది కదా అంటారా? 2002 డిసెంబరులో షాదరా, తీస్ హజారీ మధ్య మొదలైన మెట్రో ఇవాళ దేశంలోనే అతి పెద్దది. కానీ స్టేషన్ దాకా ఎలా చేరాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దీనికి పాత ఉదాహరణ రింగ్ రైల్వే. సుమారు 35 కి.మీ. మార్గం, 1982 ఆసియా క్రీడల కోసం స్టేషన్లు బాగుచేశారు. అయినా జనం ఎక్కలేదు. స్టేషన్ల నుంచి ఇళ్లకూ ఆఫీసులకూ చేర్చే ఫీడర్ బస్సులు లేకపోవడం ముఖ్య కారణం. పట్టాలు వేయడం వేరు, ప్రయాణం పూర్తి చేయడం వేరు.

రోడ్డు ఎవరిది?

ఆసియా క్రీడల కాలం నుంచీ ఢిల్లీలో రద్దీకి మందు ఫ్లైఓవర్. కొత్త ఫ్లైఓవర్ మీద మొదట్లో బండ్లు సాఫీగా వెళ్తాయి. దారి సులువైందని తెలిసి మరికొందరు కారు తీస్తారు. కొన్నేళ్లకు జామ్ అక్కడే, లేదంటే తర్వాతి కూడలిలో. ఆగుతూ సాగుతూ వెళ్లే ఇంజిన్ అదే దూరానికి ఎక్కువ ఇంధనం తాగుతుంది, ఎక్కువ పొగ వదులుతుంది.

రోడ్డు దుమ్ము సంగతి కూడా చూడండి. 2016లో ఢిల్లీ ప్రభుత్వానికి అందిన ఐఐటీ కాన్పూర్ అధ్యయనం ప్రకారం నగరంలో వెలువడే పీఎం 2.5లో రోడ్డు దుమ్ము వాటా 38%, వాహనాల పొగ వాటా 20%. రోడ్డు అంచులు మట్టిగా వదిలేస్తే, తవ్విన చోట పూడ్చకపోతే, ప్రతి చక్రమూ దుమ్ము లేపుతుంది. ఎలక్ట్రిక్ కారుకూ చక్రాలుంటాయి. ఇంధనం మారితే అన్నీ మారతాయనుకునేవాళ్లకు ఈ 38% గట్టి జవాబు.

2006 జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్లు కదిలించాల్సింది మనుషుల్ని, వాహనాల్ని కాదని స్పష్టంగా చెప్పింది. దానికి ఢిల్లీలో పరీక్ష 2008లో వచ్చింది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కి.మీ. బీఆర్‌టీ కారిడార్. రోడ్డు మధ్యలో బస్సులకే ప్రత్యేక వరుసలు. కూడళ్లలో సిగ్నళ్ల నిర్వహణ, పాదచారులు రోడ్డు దాటే ఏర్పాట్ల మీద విమర్శలు వచ్చాయి, వాటిలో నిజముంది. కానీ అసలు కోపం వేరు: మేం కార్లలో ఇరుక్కుంటే పక్కన బస్సుల వరుస ఖాళీగా ఉందేమిటని.

లెక్క వేద్దాం. 50 మంది ఎక్కిన బస్సు పొడవు 12 మీటర్లు. అదే 50 మంది కారుకు సగటున ఒకటిన్నర మంది చొప్పున వెళ్తే 33 కార్లు. మధ్యలో ఖాళీ లేకుండా నిలబెట్టినా 130 మీటర్ల పైమాటే. బస్సుల వరుస ఖాళీగా కనిపించడం అది బాగా పనిచేస్తోందనడానికి గుర్తు. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఈ కారిడార్‌కు వ్యతిరేకంగా వేసిన వ్యాజ్యాన్ని కొట్టేసింది. అయినా రాజకీయంగా నిలవలేదు. 2016లో కూల్చివేత మొదలైంది. 2009లో మొదలైన అహ్మదాబాద్ జనమార్గ్ మాత్రం నిలిచింది. పోల్చి రాయడానికి మంచి జత.

ఆరో అంశమైన నగరం బయటి టెర్మినళ్లలాంటిదే లారీల సమస్య. ఢిల్లీతో పని లేని లారీలు కూడా ఢిల్లీ మీదుగా వెళ్లేవి. 2015లో సుప్రీంకోర్టు వాటిపై పర్యావరణ పరిహార రుసుము విధించింది. నగరాన్ని తప్పించే తూర్పు, పశ్చిమ పరిధీయ ఎక్స్‌ప్రెస్‌వేలు పూర్తయింది మాత్రం 2018లో.

ఒకటి జరిగింది, ఒకటి జరగలేదు: ఎందుకు?

నాకు తోచిన జవాబు ఇది. ఇంధనం మార్చమనడం కొన్ని వేల మంది పర్మిట్ హోల్డర్లకు ఇచ్చే ఆదేశం. పాటించకపోతే జరిమానా వేయొచ్చు, పర్మిట్ ఆపొచ్చు. బస్సులు పెంచడం, వాటికి రోడ్డు ఇవ్వడం అలా కాదు. డిపోకు భూమి డీడీఏ ఇవ్వాలి. రోడ్డు పీడబ్ల్యూడీదో కార్పొరేషన్‌దో. బస్సు రాష్ట్ర ప్రభుత్వానిది. ట్రాఫిక్ పోలీసులు కేంద్రం చేతిలో. అన్నింటికీ మించి, కారు ఉన్నవాళ్ల నుంచి రోడ్డులో కొంత వెనక్కి తీసుకోవాలి. కోర్టు గడువు పెట్టగలదు, ఇంత మందిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఏళ్ల తరబడి పని చేయించలేదు. ఆ పని పరిపాలనది. అంటే, మనం చేయాలని ఆశపడుతున్న ఉద్యోగానిది.

ఇది ఢిల్లీ కథే అనుకోకండి. 2003 ఆగస్టులో సుప్రీంకోర్టు కాలుష్యం తీవ్రంగా ఉన్న నగరాల జాబితాలో హైదరాబాద్‌ను కూడా చేర్చి, కార్యాచరణ ప్రణాళిక కోరింది. 2019లో మొదలైన జాతీయ శుభ్ర గాలి కార్యక్రమంలో హైదరాబాద్‌తో పాటు విజయవాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి. అక్కడా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎన్ని ఫ్లైఓవర్లు కట్టారన్నది కాదు, ఎన్ని బస్సులు పెంచారని.

రాసి చూడండి

"పట్టణ వాయు కాలుష్యానికి సాంకేతిక పరిష్కారాలు అవసరమే కాని సరిపోవు. ఢిల్లీ అనుభవం ఆధారంగా విశ్లేషించండి." (15 మార్కులు, 250 పదాలు)

జవాబును సీఎన్‌జీతో మొదలుపెట్టకండి. 1998 జూలై 28 నాటి ఉత్తర్వులో మొదటి పంక్తితో మొదలుపెట్టండి. నా పేపర్ మార్జిన్‌లో ఉన్న ఆ ప్రశ్న మీ పేపర్ మీద పడదు.