సున్నా దగ్గర పదకొండు

మీరు కారులో శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగుతున్నారు. వాన ఇప్పుడే వెలిసింది. మలుపుల్లో తడి ఆకులు రోడ్డుకు అతుక్కుపోయి ఉన్నాయి. వెనక సీట్లో అమ్మ ప్రసాదం పొట్లం విప్పుతోంది. చీకటి ముదరకముందే అడవి గేటు దాటాలి, రాత్రికి మూసేస్తారు.

స్పీడోమీటరు పక్కన పసుపు దీపం వెలిగింది. చిన్న కారు బొమ్మ, దాని వెనక మెలికలు తిరిగిన రెండు గీతలు.

"ఏంట్రా ఆ లైటు?"

"ఏం లేదమ్మా."

ఉంది. అది మిణుకుమంటే స్టెబిలిటీ కంట్రోల్ పనిలో ఉన్నట్టు. ఇలా ఆగకుండా వెలిగితే పని మానేసినట్టు.

కుడి మలుపు. ఎదురుగా ఆర్టీసీ బస్సు. సగం రోడ్డు దానిదే. తిప్పుతారు. ఆకులు. వెనక చక్రాలు జారాయి. ఎడమకి. లోయ వైపుకి. బ్రేకా? వద్దు. యాక్సిలరేటర్ వదలండి. చూపు రోడ్డు మీదే. స్టీరింగ్ ఎడమకి. కొంచెం. చాలు. పట్టు దొరికింది. బస్సు పోయింది.

మామూలుగా అయితే స్టెబిలిటీ కంట్రోల్ ఏదో ఒక్క చక్రానికి బ్రేకు వేసి, మీకంటే ముందే కారును సర్దేది. 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌కు బాష్ కంపెనీ అమర్చిన విద్య ఇది. ఇప్పుడు మీ చిన్న కారులోనూ ఉంది, ఈ గంట తప్ప.

వెడల్పు చోటు చూసి ఆపుతారు. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తారు. దీపం ఆరింది. నాలుగు మలుపులు తిరిగేసరికి మళ్లీ వెలిగింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఉండిపోవాలా, దిగాలా? ఏబీఎస్ దీపం వెలగలేదు, ఎర్ర బ్రేకు దీపమూ వెలగలేదు. పెడల్ గట్టిగానే ఉంది. సెకండ్ గేర్లో, నెమ్మదిగా, దిగుతారు.

ఘాట్ అయిపోయింది. తిన్నటి రోడ్డు. కారు నేరుగానే పోతోంది, స్టీరింగ్ మాత్రం ఎడమకు ఒరిగి ఉంది. మొన్న స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ మార్పించారు కదా. చక్రాల అలైన్‌మెంట్ మిషన్ పాడైంది, తర్వాత రండి అన్నారు షాపువాళ్లు.

స్టీరింగ్ కింద ఒక సెన్సర్ మీరు ఎన్ని డిగ్రీలు తిప్పారో చెబుతుంటుంది. కారు ఒళ్లు ఎంత తిరుగుతోందో ఇంకో సెన్సర్ చెబుతుంది. ఒకటి "ఎడమకి" అంటోంది, రెండోది "నేరుగా" అంటోంది. సాక్షులిద్దరూ చెరో మాట చెబితే కంప్యూటర్ ఎవర్ని నమ్మాలి? ఎవర్నీ నమ్మక తప్పుకుంది. నా లెక్కలో అది మంచి పనే. తప్పుడు సాక్ష్యం నమ్మి తిన్నటి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఇంకా ప్రమాదం.

మర్నాడు మార్కాపురంలో మెకానిక్ డ్యాష్‌బోర్డు కింద స్కానర్ గుచ్చుతాడు. "స్టీరింగ్ సెన్సర్ పోయింది సార్. కొత్తది తెప్పించాలి."

సరే అనకండి. "లైవ్ డేటా పెట్టన్నా, చూద్దాం."

కారు నేరుగా పోయేటట్టు చక్రాలు పెట్టి చూస్తారు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె 11 చూపిస్తోంది. మెల్లగా తిప్పుతారు. అంకె ఎక్కడా ఎగరడం లేదు, ఎక్కడా ఆగడం లేదు. సెన్సర్ బతికే ఉంది. అంకె గెంతుతున్నా, హారన్ మోగకపోయినా, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగినా స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్‌ను అనుమానించాలి. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాటరీ తీసి కొంతసేపు ఆగాకే విప్పాలి, అదీ తెలిసినవాళ్లే.

"అయితే ఇప్పుడే జీరో కొట్టేస్తా, లైటు ఆరిపోద్ది," అంటాడు.

ఆరుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయిస్తే స్టీరింగ్ తిన్నగా వస్తుంది, కొట్టిన జీరో తప్పవుతుంది, దీపం మళ్లీ వస్తుంది. టైర్లలో గాలి, అలైన్‌మెంట్, ఆ తర్వాతే జీరో.

అలైన్‌మెంట్ అయ్యాక, సాయంత్రానికి చదును నేల మీద చక్రాలు తిన్నగా నిలబడ్డాయి. స్కానర్‌లో జీరో కొట్టే క్యాలిబ్రేషన్ బటన్ నొక్కుతాడు, లోపం కోడ్ చెరిపేస్తాడు. తర్లుపాడు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి వస్తారు. దీపం లేదు. బిల్లులో అలైన్‌మెంట్ ఉంది, స్కానింగ్ ఉంది. సెన్సర్ లేదు.