చెరువు చేప - సంతానాపేక్ష

నెల్లికుదురు గల మహబూబాబాదు జిల్లాలోనిదే బయ్యారము చెరువు. 13వ శతాబ్దిలో కాకతి గణపతిదేవుని సోదరి మైలమ దానిని త్రవ్వించెను. అచ్చటి శాసనమున కాకతీయుల వంశక్రమము కలదు. మన పూర్వులు పుత్రునితోపాటు తటాకమును సప్తసంతానములలో నెంచిరి. బిడ్డలు లేని యిల్లాలిని నిందించు లోకమునకు ఇది మంచి పాఠము.

ఇట్టి చెరువుల చేపయందు మాంసకృత్తులు, బి12 విటమిను కలవు. ఆకుకూరలయందు ఫోలేటు కలదు. 1931లో లూసీ విల్స్ బొంబాయి గర్భిణుల రక్తహీనతను పరిశోధించి ఫోలేటునకు దారి చూపెను. 1945లో మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిరి. గర్భధారణకు ముందునుండియే దానిని వాడవలెనని నేడు వైద్యులు చెప్పుచున్నారు.

కావున రాత్రి భోజనమునకు అన్నమునకు బదులు సేమ్యాను దోరగా వేయించి, తోటకూరతో నుడికించి, కొరమట్ట పులుసుతో వడ్డింపవచ్చును. అది బలమిచ్చును, సంతానమునకు హామీ మాత్రము కాదు. లోపము పురుషునియందును ఉండవచ్చును. కనుక దంపతులిద్దరును ఒకే పంక్తిని భుజింపవలెను. వైద్యుని కడకును కలిసియే పోవలెను.